వరోవా మందు వేళ తేనెపెట్టెలో సెన్సర్లు

కోనసీమ కొబ్బరితోటల్లో ఇటాలియన్ తేనెటీగలను పెంచేవారికి, ఈగలను, వాటి పిల్లలను పట్టి పీల్చే వరోవా నల్లి విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. కొబ్బరి ఏడాది పొడవునా పూస్తుంది కాబట్టి రాణి గుడ్లు పెట్టడం మానదు, ఈగ పిల్లలు పెరిగే మూతపడిన గదుల్లోనే సంతానం పెంచుకునే నల్లికి చోటు తరగదు. నల్లికి వాడే మందుల్లో ఆక్సాలిక్ ఆమ్లం ఆ మూతలు దాటి లోపలికి పోదు. ఫార్మిక్ ఆమ్లపు ఆవిరి పోతుంది గాని, ఎండ ముదిరితే అది ఒక్కసారిగా లేచి రాణిని, పిల్లలను దెబ్బతీస్తుంది. సెన్సర్ల అవసరం ఇక్కడే.

ఒక ఉష్ణోగ్రత సెన్సర్‌ను పిల్లలున్న నడిమి తేనెపట్టుల మధ్య, రెండోదాన్ని పెట్టె బయట నీడలో అమర్చాలి. లోపలిదానికి సన్నటి స్టీలు జల్లెడ తొడగకపోతే ఈగలు జిగురుతో పూసేస్తాయి. ఆమ్లపు ఆవిరి రాగిని తినేస్తుంది కాబట్టి సర్క్యూట్ బోర్డును బయటే ఉంచి, తీగల అతుకులను ఎపాక్సీతో మూసివేయాలి. చేతిలో డబ్బు ఉంటే పెట్టె కింద బరువు కొలిచే లోడ్‌సెల్ కూడా పెట్టవచ్చు. లేకుంటే ఉష్ణోగ్రత సెన్సర్లే ముందు కొనమంటాను.

ఫార్మిక్ మందుకు వారం ముందు నుంచే సెన్సర్ల లెక్కలు నమోదు కావాలి. ఆరోగ్యంగా ఉన్న పెట్టెలో పిల్లల నడుమ వేడి రాత్రింబవళ్లు 34, 35 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. పగటి వేడి 29 డిగ్రీలు దాటని రోజులు మన డెల్టాలో డిసెంబరు, జనవరి నెలల్లోనే ఎక్కువగా దొరుకుతాయి గనుక, బయటి సెన్సర్ చూసి రోజును ఎంచుకుని, తేనె అరలు తీసేసి, చేతి తొడుగులు, ఆవిరిని ఆపే మాస్కు వేసుకుని, చల్లబడ్డాక మందు పెట్టాలి. మొదటి మూడు రోజులే కీలకం. లోపలి సెన్సర్ వేడిని చూపే గీత బయటి సెన్సర్ గీతను అనుసరించి రాత్రి పడిపోతూ, పగలు లేస్తూ ఉంటే ఈగలు పిల్లలను కాపాడటం లేదని అర్థం. వెంటనే పెట్టె తెరిచి, రాణిని, గుడ్లను వెతకాలి. లోడ్‌సెల్ ఉంటే, పెట్టె బరువును ఈగలు మేతకు వెళ్లకముందు, తెల్లవారుజామున చూడాలి. ఒక్క రోజులో కిలోకు మించి పడితే ఈగలు పెట్టెను వదిలిపోయాయేమోనని అనుమానించాలి.

ఇంత చేసినా సెన్సర్ నల్లులను లెక్కపెట్టదు. మందుకు ముందు ఒకసారి, ముగిశాక మరోసారి, రాణి లేదని చూసుకున్న పిల్లపట్టు నుంచి అరకప్పు, అంటే సుమారు 300 ఈగలను జల్లెడ మూత ఉన్న సీసాలోకి దులిపి, రెండు చెంచాల పంచదార పొడి వేసి నిమిషంపాటు దొర్లించి, తెల్లటి పళ్లెంలోని నీళ్లపైకి జాడించాలి. పంచదార కరిగిపోయి, ఎర్రటి గోధుమ రంగు నల్లులు నీళ్లలో విడివిడిగా కనిపిస్తాయి. నల్లులు 9 ఉంటే నూరు ఈగలకు మూడు అన్నమాట. రెండోసారి కూడా అన్నే తేలితే, గీతలు ఎంత చక్కగా ఉన్నా మందు పనిచేయనట్టే.