పాలిటెక్నిక్ ఆఫీసులో మీ పని ఆగిపోయిందా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరే పిల్లలకు పదిహేనో పదహారో ఏళ్లుంటాయి. స్కూల్లో ఉన్నన్నాళ్లు కాగితాల పని హెడ్‌మాస్టరో ఇంట్లోవాళ్లో చూసుకుంటారు. కాలేజీలో చేరగానే స్కాలర్‌షిప్, హాజరు, బస్‌పాస్, పరీక్ష ఫీజు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. కౌంటర్ దగ్గర "సర్వర్ డౌన్", "రేపు రా", "పైనుంచి రాలేదు" అని రెండుమూడుసార్లు వినేసరికి చాలామంది అడగడమే మానేస్తారు. నష్టమంతా అక్కడే మొదలవుతుంది.

ఫైలు చాలాసార్లు మీరు నిలబడ్డ కౌంటర్లో ఉండదు. ఆధార్ దగ్గరో, బ్యాంకులోనో, సంక్షేమ శాఖ ఆఫీసులోనో, ట్రెజరీలోనో ఉంటుంది. కాబట్టి ఆఫీసుకు వెళ్లినప్పుడు "ఎప్పుడవుతుంది సార్?" అని అడిగే బదులు "ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది సార్?" అని అడగండి. మొదటి ప్రశ్నకు గుమస్తా దగ్గర జవాబు ఉండకపోవచ్చు. రెండోదానికి కంప్యూటర్‌లో చూసి చెప్పగలరు.

ఇక్కడ రాసేది ప్రధానంగా తెలంగాణ పాలిటెక్నిక్‌ల గురించి. ఇక్కడ స్కాలర్‌షిప్ పోర్టల్ పేరు ఈపాస్. ఆంధ్రప్రదేశ్‌లో పోర్టల్ వేరు, అక్కడ జ్ఞానభూమి. ఆధార్, బ్యాంకు తిప్పలు మాత్రం రెండు చోట్లా ఒకటే.

మీసేవలో వేలిముద్ర పడటం లేదు

ఈపాస్‌లో దరఖాస్తు నింపాక మీసేవకు వెళ్లి వేలిముద్ర వేయాలి. పది వేళ్లూ మార్చి మార్చి పెట్టినా మెషిన్ తీసుకోదు. మీసేవ అతను "నెట్ స్లోగా ఉంది, సాయంత్రం రా" అంటాడు. సాయంత్రం కూడా అదే కథ.

ఫస్టియర్ వాళ్ల విషయంలో నేను ముందు అనుమానించేది ఆధార్‌నే. చిన్నప్పుడు ఆధార్ తీసుకున్నవాళ్లు 5 ఏళ్లు నిండాక ఒకసారి, 15 ఏళ్లు నిండాక ఇంకోసారి వేలిముద్రలు, కంటిపాప కొత్తగా ఇవ్వాలి. ఇది తప్పనిసరి. పదో తరగతి హడావిడిలో రెండోది ఎవరికీ గుర్తుండదు. పిల్లవాడి వేలు పెరిగింది, ఆధార్‌లో మాత్రం చిన్ననాటి ముద్రే ఉంది. అందుకే ఎన్నిసార్లు పెట్టినా కలవదు.

దగ్గర్లోని ఆధార్ కేంద్రానికి వెళ్లి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించండి. 15 నుంచి 17 ఏళ్ల మధ్య దీనికి ఫీజు లేదు. కొన్ని పోస్టాఫీసుల్లో, బ్యాంకు బ్రాంచీల్లో కూడా ఆధార్ కేంద్రాలున్నాయి. అప్‌డేట్ పూర్తయ్యాకే మళ్లీ మీసేవకు వెళ్లండి. ఇదంతా స్కాలర్‌షిప్ గడువు చివరి వారంలో పెట్టుకుంటే టెన్షన్ తప్పదు. అడ్మిషన్ అయిన వారంలోనే చూసుకోవడం మేలు.

అప్‌డేట్ అయ్యాక కూడా పడకపోతే ఆధార్ లాక్‌లో ఉందేమో చూడండి. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టి మర్చిపోయినవాళ్లు ఉంటారు. అన్‌లాక్ చేస్తే సరిపోతుంది.

శాంక్షన్ అయిందట, డబ్బు మాత్రం రాలేదు

ముందు ఏ డబ్బు గురించి అడుగుతున్నారో తేల్చుకోండి. స్కాలర్‌షిప్‌లో రెండు భాగాలున్నాయి. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, అది సాధారణంగా కాలేజీ ఖాతాకు వెళ్తుంది. ఎంటీఎఫ్ అంటే మెయింటెనెన్స్, అది విద్యార్థి ఖాతాకు వస్తుంది. ఫీజు డబ్బు తన ఖాతాలో పడలేదని నెలల తరబడి బ్యాంకు చుట్టూ తిరిగే పిల్లలుంటారు. వాళ్లకు ఈ ఒక్క మాట ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు ఈపాస్‌లో మీ అప్లికేషన్ నంబరు కొట్టి స్టేటస్ చూడండి. అక్కడ కనిపించే మాటను బట్టి దారి మారుతుంది.

కాలేజీ వెరిఫికేషన్ దగ్గరే ఉందంటే మీరు ఇచ్చిన జిరాక్సుల్లో ఏదో తక్కువైంది, లేదా మీ వేలిముద్ర కాలేజీలో ఇంకా తీసుకోలేదు. ఆఫీసులో స్కాలర్‌షిప్ సెక్షన్ చూసే వ్యక్తిని కలవండి. హార్డ్‌కాపీ ఇచ్చిన రోజు మీ దగ్గరుండే కాపీ మీద సంతకం, తేదీ వేయించుకుని ఉంటే ఇక్కడ మాట్లాడటం తేలిక. ఆ సంతకం అడగడానికి మొహమాటపడకండి, అది మీ హక్కు.

కాలేజీ నుంచి వెళ్లిపోయి జిల్లా సంక్షేమ అధికారి దగ్గర ఉందంటే, మీ వర్గాన్ని బట్టి ఆఫీసు మారుతుంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ శాఖలు వేర్వేరు. తప్పు ఆఫీసుకు వెళ్తే ఒక రోజు, బస్సు చార్జీ రెండూ పోతాయి.

బిల్లు ట్రెజరీలో ఉందంటే మాత్రం మీరుగానీ కాలేజీగానీ చేయగలిగింది తక్కువ. ప్రభుత్వం నిధులు విడుదల చేయాలి. ఈ దశలో ఆఫీసు గుమస్తాతో గొడవపడి లాభం లేదు.

విడుదలైంది అని ఉండి కూడా ఎంటీఎఫ్ రాలేదంటే, అప్పుడు బ్యాంకు వైపు చూడాలి. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు మీరు ఫారంలో రాసిన ఖాతాలోకి వెళ్లాలనేమీ లేదు. ఆధార్‌కు చివరిసారిగా ఏ బ్యాంకును లింక్ చేశారో ఆ బ్యాంకుకే వెళ్తుంది. ఊళ్లో గ్రామీణ బ్యాంకు ఖాతా ఉన్న పిల్లవాడు ఫోన్‌లో ఏదో పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరుస్తాడు, అక్కడ వేసిన టిక్కుతో ఆధార్ అటు మారిపోతుంది. డబ్బు ఆ ఖాతాలో చేరి ఉంటుంది, వాడికి తెలియదు. మైఆధార్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయి బ్యాంక్ సీడింగ్ (ఆధార్‌కు బ్యాంకు లింక్) స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలిసిపోతుంది. ముందు ఆ బ్యాంకులో వెతకండి. తర్వాత కావాల్సిన బ్యాంకుకు వెళ్లి సీడింగ్ ఫారం ఇవ్వండి. "ఖాతాకు ఆధార్ లింక్ చేయండి" అంటే కొన్నిసార్లు కేవైసీ (గుర్తింపు వివరాలు) కింద నంబరు మాత్రం ఎక్కించి పంపేస్తారు. "ఎన్‌పీసీఐ మ్యాపింగ్ కావాలి, ప్రభుత్వ డబ్బు ఇందులోకే రావాలి" అని స్పష్టంగా చెప్పండి.

ఖాతాలో ఇంకో రెండు చిక్కులు ఉంటాయి. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతాల్లో 50,000 రూపాయలకు మించి నిల్వ ఉండకూడదు, ఏడాదిలో లక్షకు మించి జమ కాకూడదు. రెండోది ఎవరూ ఊహించనిది: పదిహేనేళ్లప్పుడు మైనరుగా తెరిచిన ఖాతాకు 18 నిండగానే కొత్తగా కేవైసీ, కొత్త సంతకం ఇవ్వాలి. డిప్లొమా ఫైనలియర్‌లో ఉన్నప్పుడే ఈ వయసు వస్తుంది. అప్పటిదాకా బాగా నడిచిన ఖాతా ఉన్నట్టుండి మొరాయిస్తే మొదట ఇదే అడగండి.

పేరు సరిపోలడం లేదు

పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది. లేదంటే ఒకచోట "లక్ష్మి" చివర "ఐ", ఇంకోచోట "వై". మన పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాయడంతో వచ్చిన తంటా ఇది.

మెమోలో ఉన్నది సరైనదైతే ఆధార్‌నే దానికి తగ్గట్టు మార్చుకోండి. ఉద్యోగం దాకా వెంట వచ్చేది పదో తరగతి మెమోనే. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టినతేదీ ఒక్కసారే. అందుకని తొందరపడి అక్షరం తప్పుగా ఎక్కించుకోకండి, రసీదు మీద స్పెల్లింగ్ చదివాకే సంతకం పెట్టండి. ఆ పరిమితి దాటిపోయినవాళ్లు హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రివనం పక్కనున్న ఆధార్ ప్రాంతీయ కార్యాలయాన్ని ఆశ్రయించాలి. మెమోలోనే తప్పుంటే చదివిన స్కూలు హెడ్‌మాస్టరు ద్వారా దరఖాస్తు పెట్టాలి, దానికి సమయం పడుతుంది.

సెకండియర్‌లో స్కాలర్‌షిప్ ఆగిపోయింది

రెన్యువల్ తనంతట తాను కాదు. ఏటా దరఖాస్తు చేయాలి. ఫస్టియర్‌లో వచ్చింది కదా అని ఊరుకున్నవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. అప్లై చేసినా ఆగిందంటే హాజరు 75 శాతం లేకపోవడమో, పై తరగతికి ప్రమోట్ కాకపోవడమో చూడాలి.

ఆదాయ పరిమితి కూడా చూసుకోండి. ఎస్సీ, ఎస్టీలకు పరిమితి ఎంతో ఈపాస్‌లో చూడండి. బీసీలకు ఏడాదికి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఆదాయ ధ్రువపత్రం మీసేవ నంబరుతో ఉన్నదే చెల్లుతుంది. పాత చేతిరాత సర్టిఫికెట్లు పోర్టల్ తీసుకోదు.

హాజరు తక్కువని పరీక్ష రాయనివ్వడం లేదు

రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి నిబంధన ప్రకారం 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే అనారోగ్యంలాంటి సరైన కారణం చూపించి, ఫీజు కట్టి కండొనేషన్ (మినహాయింపు) పొందవచ్చు. 65 కంటే తగ్గితే డిటెయిన్. అదే సెమిస్టర్‌లో మళ్లీ చేరాలి.

జ్వరం వచ్చి పడుకున్నప్పుడు మెడికల్ సర్టిఫికెట్ తీసుకుంటే కాలేజీకి తిరిగొచ్చిన రోజే ఇచ్చేయండి. సెమిస్టర్ చివర్లో తెచ్చే సర్టిఫికెట్‌ను ఎవరూ నమ్మరు, నమ్మకపోవడం వాళ్ల తప్పూ కాదు. హాజరైనా బయోమెట్రిక్ పడని రోజులుంటే ఆ రోజే హెచ్ఓడీకి (మీ బ్రాంచి హెడ్‌కు) కాగితం రాసివ్వండి. మండలి పోర్టల్‌లో పిన్ నంబరు (మండలి మీకిచ్చిన రోల్ నంబరు) కొడితే మీ హాజరు కనిపిస్తుంది. వారానికోసారి చూసుకుంటే తప్పులు అప్పటికప్పుడే సరిదిద్దించుకోవచ్చు.

బస్‌పాస్ అప్లికేషన్ పెండింగ్

ఆర్టీసీ పోర్టల్‌లో మీరు అప్లై చేశాక కాలేజీ ఆన్‌లైన్‌లో ఓకే చేయాలి. అక్కడ ఆగి ఉంటుంది. డిపో కౌంటర్‌కు వెళ్లే ముందే ఆఫీసులో అప్లికేషన్ నంబరు ఇవ్వండి.

ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామంటున్నారు

ప్రైవేటు కాలేజీల్లో ఇది పెద్ద బాధ. ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందని పిల్లవాడి టీసీ, మెమోలు పట్టుకుంటారు. కాలేజీకి జీతాల ఇబ్బంది నిజమే కావచ్చు. కానీ బీటెక్‌లో చేరడానికి ఈసెట్ కౌన్సెలింగ్‌కో ఉద్యోగానికో వెళ్లాల్సిన పిల్లవాణ్ని ఆపి ప్రభుత్వ బాకీ వసూలు చేయాలనుకోవడం అన్యాయం. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని ఏఐసీటీఈ (దేశంలోని సాంకేతిక కాలేజీలను నియంత్రించే సంస్థ) నిబంధన ఉంది. క్లాసులు మొదలవక ముందే సీటు వదులుకుంటే 1,000 రూపాయలకు మించకుండా కోసుకుని మిగతా ఫీజు తిరిగి ఇవ్వాలని కూడా ఉంది.

నోటితో అడగడం ఆపి కాగితం మీద అడగండి. ప్రిన్సిపాల్ పేరిట దరఖాస్తు రాసి, కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్‌పోస్టులో పంపండి. ఫీజు మీ చేతి నుంచి కట్టాల్సింది ఎంత, ప్రభుత్వం నుంచి రావాల్సింది ఎంత అన్నది రాతపూర్వకంగా అడగండి. ఈ రెండూ కలిపి చెప్పినప్పుడే మోసం జరుగుతుంది. స్పందన లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఆ కాపీ జతచేసి అర్జీ ఇవ్వండి. ప్రభుత్వ పాలిటెక్నిక్ అయినా, సంక్షేమ శాఖ ఆఫీసు అయినా సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో ఫైలు ఎక్కడుందో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

కాలేజీకి పోబుద్ధి కావడం లేదు

ఇది ఆఫీసు పని కాదనిపిస్తుంది. కానీ టీసీ అడగడానికి వచ్చే పిల్లల్లో చదువు రాక మానేసేవాళ్ల కంటే వేరే కారణాలతో మానేసేవాళ్లే ఎక్కువని నా నమ్మకం. తెలుగు మీడియంలో పదో తరగతి చదివి ఇంజినీరింగ్ మెకానిక్స్ పుస్తకం తెరిచేసరికి గుండె జారిపోతుంది. హాస్టల్లో సీటు రాదు. సీనియర్లు ఏడిపిస్తారు. ఇంట్లో అప్పు. పిల్లవాడు ఇవేవీ చెప్పడు, "ఇంట్రెస్ట్ లేదు సార్" అంటాడు.

ర్యాగింగ్ అయితే భరించాల్సిన పని లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే దీనిపై చట్టం వచ్చింది. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 పగలూ రాత్రీ పనిచేస్తుంది. మనసు బాగాలేక నిద్ర పట్టకపోతే 14416కి చేయండి. అది టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ఇంగ్లిష్ భయమే అయితే మీ మెంటర్‌కు ఆ మాటే చెప్పండి. ఫస్ట్ సెమిస్టర్ దాటితే అవే పదాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి, అలవాటవుతాయి.

అమ్మానాన్నలకో మాట. పిల్లవాడు మానేస్తానంటే వెంటనే టీసీ తీసుకోకండి. టీసీ తీసుకుంటే సీటూ పోతుంది, స్కాలర్‌షిప్పూ ఆగుతుంది. ముందు హెచ్ఓడీని కలిసి, ఈ సెమిస్టర్ ఆపి వచ్చే ఏడాది రీఅడ్మిషన్ తీసుకునే వీలుందా, దానికి ఏం రాసివ్వాలి, స్కాలర్‌షిప్ సంగతేంటి అని అడగండి. జవాబులు వచ్చాకే నిర్ణయం తీసుకోండి.