రిలీజ్‌కి ముందు మోడల్ సర్దుతున్నారా? చెయ్యి వేసేముందు ఇవి చూసుకోండి

సాఫ్ట్‌వేర్ రిలీజ్ దగ్గరపడగానే టీమ్‌లో ఎవరో ఒకరికి మోడల్ (ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో బొమ్మల్లో గీసి పెట్టుకున్న నమూనా) సర్దాలన్న ఉబలాటం పుడుతుంది. డూప్లికేట్లు తీసేద్దాం, ప్యాకేజీలు (మోడల్‌లోని ఫోల్డర్లు) అటూఇటూ మార్చేద్దాం అంటారు. యూజ్ కేసులకీ (వాడేవాళ్లు చేసే ఒక్కో పని వివరం) టెస్ట్ కేసులకీ (ఆ పని సరిగ్గా జరుగుతుందో చూసే పరీక్షలు) మధ్య లింకులు తెగేది సరిగ్గా అప్పుడే. తెగాయని మెసేజీ ఏమీ రాదు, ఆడిట్ రోజున బయటపడుతుంది.

నేను వాడేది స్పార్క్స్ సిస్టమ్స్ వాళ్ల ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ అనే మోడలింగ్ టూల్, కాబట్టి చెప్పేది దాని గురించే.

ఒక బస్ టికెట్ల ప్రాజెక్టులో ‘టికెట్ రద్దు’ అనే యూజ్ కేస్ రెండు చోట్ల కనిపించింది. స్టెప్పులన్నీ అవే. పైది ఉంచి కిందది తీసేశాను. టెస్ట్ కేసులు పదకొండూ కిందదానికే కట్టి ఉన్నాయి! పేరు ఒకటే కదా, పైదానికి అతుక్కుంటాయిలే అనుకోకండి. ఈ టూల్ గుర్తుపట్టేది పేరును కాదు, ప్రతి ఎలిమెంట్‌కీ (మోడల్‌లోని ఒక్కో అంశానికీ) లోపల ఉండే జీయూఐడీని, అంటే దేనికదే వేరుగా ఉండే గుర్తింపు కోడ్‌ని. పేరు ఎన్నిసార్లు మార్చినా లింకుకు ఏమీ కాదు. తీసేసి అదే పేరుతో మళ్లీ పెడితే మాత్రం టూల్ దృష్టిలో అది కొత్తదే. ఆ పదకొండూ చేత్తో మళ్లీ కట్టడానికి నాకో శనివారం పట్టింది. ఇప్పుడు డూప్లికేట్ కనిపిస్తే ముందు ట్రేసబిలిటీ విండో తెరిచి, రెండింటికీ ఏమేం కట్టి ఉన్నాయో చూస్తాను.

డయాగ్రామ్‌లో డిలీట్ కొడితే ఎలిమెంట్ ఆ బొమ్మలోంచే పోతుంది, మోడల్‌లో ఉంటుంది. కంట్రోల్‌తో కలిపి డిలీట్ కొట్టినా, బ్రౌజర్ విండోలోంచి (టూల్‌లో మోడల్ మొత్తం చెట్టులా కనిపించే చోటు) తీసేసినా మోడల్‌లోంచే పోతుంది, లింకులతో సహా. బ్రౌజర్‌లో తీసేసినదానికి అన్‌డూ లేదు. పేస్ట్ చేసేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి: లింకుగా పేస్ట్ చేస్తే అదే ఎలిమెంట్ ఇంకో బొమ్మలో కనిపిస్తుంది, కొత్తదిగా చేస్తే ఇంకో జీయూఐడీ పుడుతుంది. నా డూప్లికేట్ పుట్టిందీ అలాగే.

మొదలుపెట్టే ముందు బేస్‌లైన్ (ప్యాకేజీ ఆ క్షణంలో ఎలా ఉందో దాచిపెట్టే కాపీ) తీయండి. యూజ్ కేసుల ప్యాకేజీకి ఒక్కదానికే కాదు, టెస్టులు కూడా ఇమిడే పై ప్యాకేజీకి. లింకుకు ఒక కొస ఇక్కడ, రెండో కొస అక్కడ ఉంటాయి మరి. బేస్‌లైన్ ఉండేది కూడా ఆ మోడల్‌లోనే, ఫైలే పాడైతే అదీ పోతుంది. కనుక అందరూ మోడల్ మూసేశాక ఫైల్ కాపీ వేరే చోట పెట్టుకోండి.

సినారియో (యూజ్ కేస్ జరిగే క్రమం) స్టెప్పుల నుంచి టెస్ట్ కేసులు జనరేట్ చేసి ఉంటే ఇంకో టెన్షన్. స్టెప్పు మారిస్తే టెస్టు తనంతట తాను మారదు. డబ్బు వాపసు గడువు యూజ్ కేసులో మారుతుంది, టెస్టు పాత గడువునే పరీక్షించి పాసవుతుంది. లింకు మాత్రం నిక్షేపంగా ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఏ సినారియో మార్చారో కాగితం మీదైనా రాసుకోండి.

చివరగా రిలేషన్‌షిప్ మ్యాట్రిక్స్: యూజ్ కేసులు ఒకవైపు, టెస్టులు ఇంకోవైపు పెట్టి, సర్దకముందు ఒకసారి, తర్వాత ఒకసారి సీఎస్‌వీగా (స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే ఫైలుగా) తీయండి. లింకు రకం రెండుసార్లూ ఒకటే ఉండాలి. ఒకరు ట్రేస్, ఇంకొకరు డిపెండెన్సీ వాడి ఉంటే దేనికది విడిగా తీయాలి, లేకపోతే ఉన్న లింకు కూడా ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ వరుసలు పెరిగాయా, మిగతావాళ్లు కొత్త పని ఎక్కించకముందే బేస్‌లైన్‌కి వెనక్కి వెళ్లండి.