సాగర్ ఒడ్డున పాత ఇనుప లాంచీ రిపేరు: శ్రీశైలం గేట్లు ఎత్తకముందే పడాల్సిన జాగ్రత్తలు

వేసవిలో నాగార్జునసాగర్ నీళ్లు వెనక్కి పోయినప్పుడు పాత ఇనుప లాంచీని ఒడ్డుకెక్కించి, సొంత మోటారు యాట్‌లా (విహార పడవలా) చేసుకుందామనుకునేవాళ్లు మొదట అడిగేది ఇంజిన్ గురించి. ఆ తర్వాత పైన ఏసీ గది పడుతుందా అని. అడుగు రేకు ఎంత మిగిలిందో తేలేదాకా ఈ రెండు ప్రశ్నలూ దండగే. సోఫాలు, లైట్లు చివరి మాట.

ముందు గడువు చూసుకోండి. పైన శ్రీశైలం నిండి గేట్లు ఎత్తితే ఇక్కడ నీటిమట్టం రోజుకు అడుగుల లెక్కన పెరుగుతుంది. వరద ఎక్కువగా జులై ఆఖర్లో, ఆగస్టులో వస్తుంది. సాగర్ పూర్తి మట్టం సముద్ర మట్టం నుంచి 590 అడుగులు. అంతకన్నా కింద లాంచీ ఎక్కడున్నా నీళ్లు దాని దగ్గరికి వస్తాయనే లెక్కేసుకోవాలి. కోసిన రేకులన్నీ జూన్ నెలాఖరుకల్లా మూసేలా పని పెట్టుకోండి. అడుగంతా ఒకేసారి విప్పనివ్వొద్దు, ఒక పక్క అతికాకే రెండో పక్క ముట్టుకోవాలి.

లాంచీ కింద స్లీపర్ దుంగలు వెన్నుదూలం (అడుగున నడిమధ్య సాగే దూలం) పొడవునా పడాలి. పక్క ఆనింపులు ఉత్త రేకు మీద పెడితే రేకు లోపలికి నొక్కుకుపోతుంది. లోపల ఫ్రేములు, అడ్డగోడలు ఎక్కడున్నాయో చూసి సరిగ్గా అక్కడే ఆనించాలి. ఎండి గట్టిపడ్డ ఒండ్రు ఒక్క వానకే మెత్తబడుతుంది. మే నెల సాయంత్రాల ఈదురుగాలి సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ప్రతి గాలివాన తర్వాత ఆనింపులు చూశాకే మనుషులను కిందికి పంపండి.

ఇక రేకు. ఇనుప లాంచీని తుప్పు బయటినుంచి కన్నా లోపలినుంచే ఎక్కువ తింటుంది. ఇంజిన్ కింద నూనె నీళ్లు నిలిచేచోట, బాత్రూం, వంటగది గోడల వెనక, బరువు కోసం అడుగున పోసిన సిమెంటు కింద, బయట నీళ్లూ గాలీ రెండూ తగిలే పట్టీ మీద మొదట చూడండి. సుత్తితో కొడితే బాగున్న రేకు ఖంగుమంటుంది, పాడైనది డబ్ అంటుంది. అది మొదటి పరీక్ష మాత్రమే. శబ్ద తరంగాలతో రేకు మందం కొలిచే అల్ట్రాసోనిక్ మీటరున్న మనిషిని పిలిపించి, సుద్దముక్కతో గళ్లు గీయించి, గడికో కొలత రాయించుకోండి. మీటరు పెట్టేచోట తుప్పు గీకి మెరిసే ఇనుము కనిపించాలి, లేకపోతే ఆ అంకెను నమ్మలేం. అసలు మందంలో 20, 25 శాతం పోయినచోట రేకు మార్చడమే మామూలు పద్ధతి.

మన దగ్గర మిర్యాలగూడ చుట్టుపక్కల మంచి వెల్డర్లకు కొదవ లేదు, రైస్ మిల్లుల పనితో చెయ్యి తిరిగినవాళ్లు. కానీ మిల్లు తొట్టికి చిల్లు పడితే పైన ఇంకో ముక్క అతికినట్టు లాంచీకి అతకనివ్వొద్దు. రెండు రేకుల మధ్య చేరిన నీళ్లు బయటికి రావు, లోపల తుప్పు కనిపించదు. పాడైన ముక్క కోసేసి, అంతే మందమున్న రేకు కూర్చి, మూలలు గుండ్రంగా తిప్పించండి. చదరపు మూల దగ్గర పగులు మొదలవుతుంది. ఒకే గీతలో ఆపకుండా వెల్డింగ్ చేస్తే రేకు వంకర్లు పోతుంది, అక్కడింత ఇక్కడింత వెయ్యాలి. 6 మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరుకు 47 కిలోలు. చైన్ బ్లాక్ (గొలుసు కప్పీ) లేకుండా చేతులతో ఎత్తించకండి.

ప్రాణాలు పోయేది ఎక్కువగా మూసిన గదుల్లో. ఏళ్లుగా తెరవని ముందు గదిలో, ట్యాంకుల్లో తుప్పు పట్టడానికే గాలిలోని ఆక్సిజన్ ఖర్చయిపోతుంది. వాసన రాదు, తల తిరిగే లోపే మనిషి పడిపోతాడు. పాత బావిలో మోటారు కోసం దిగినవాణ్ణి కాపాడబోయి ఒకరి వెనక ఒకరు పోయిన సంఘటనలు మన జిల్లాల్లో వింటూనే ఉన్నాం, ఇదీ అదే. మూతలన్నీ తీసి బ్లోయర్‌తో గాలి కొట్టి, ఆక్సిజన్ మీటరు పెట్టి చూడండి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, 19.5కు తగ్గితే దిగొద్దు. పైన ఒకడు కదలకుండా ఉండాలి. లోపలివాడు పడిపోతే పైవాడు దూకకూడదు. ముందే కట్టిన తాడుతో లాగాలి.

వెల్డింగ్ పెట్టేముందు రేకుకు అవతలి పక్క ఏముందో చూడాల్సిందే. ఫోమ్, ప్లైవుడ్, వైర్లు ఉంటే విప్పేయాలి. కాలిన ఫోమ్ పొగ విషం. డీజిల్ ట్యాంకు ఖాళీ అయితే చాలనుకుంటారు, లోపల మిగిలిన ఆవిరితోనే పేలుడు వస్తుంది. కడిగించి, గ్యాస్ లేదని తేల్చుకున్నాకే నిప్పు. అవతల ఒకడు మంటలార్పే సిలిండర్‌తో నిలబడాలి, పని ఆగాక కూడా కనీసం అరగంట.

పాత రంగు కింద ఎర్రటి సిందూరం పెయింట్ కనిపిస్తే అది సీసం. పొడిగా గ్రైండర్ పెట్టకుండా తడిపి గీకించండి. మాస్కు ఉండాలి, ఆ బట్టలతో ఇంటికి పోయి పిల్లలను ఎత్తుకోకూడదు. కింద టార్పాలిన్ పరిచి పెచ్చులన్నీ ఎత్తించండి, నల్లగొండ, హైదరాబాద్ తాగేది ఈ నీళ్లే. తుప్పు రాల్చడానికి గాలి ఒత్తిడితో ఇసుక కొట్టే బ్లాస్టింగ్ వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది. ఇసుక బదులు కాపర్ స్లాగ్ (రాగి చిట్టెం) కానీ గార్నెట్ రాతి పొడి కానీ వాడమనండి. ఎగ్జాస్ట్ గొట్టాలకు చుట్టిన పాత తెల్ల గుడ్డ ఆస్బెస్టాస్ కావచ్చు, చింపకండి.

రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇనుప రేకు సంగతి చెప్పాలా? మధ్యాహ్నం చెయ్యి పెట్టలేం. ఆ వేడి మీద ఎపాక్సీ (రెండు డబ్బాలు కలిపి వేసే రంగు) వేస్తే డబ్బాలోనే గట్టిపడుతుంది, వేసినచోట బుడగలొస్తాయి. రంగుకు పొద్దున, సాయంత్రమే మేలు. వానలు మొదలయ్యాక ఇంకో టెన్షన్, తేమ 85 శాతం దాటితే బ్రష్ పక్కన పెట్టాలి. గాలిలో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కన్నా రేకు వేడి కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి.

రేకు బదులు తాము కరిగిపోతూ తుప్పు నుంచి కాపాడే లోహపు ముక్కలు, ఆనోడ్లు, కొనేటప్పుడు సముద్రపు బోట్లకు వాడే జింక్ ఇస్తారు. మంచినీళ్లలో అది సరిగ్గా పనిచేయదు, మెగ్నీషియం అడగండి.

పైన కొత్త గది, నీళ్ల ట్యాంకు పెడితే బరువు పైకి పోయి లాంచీ ఒరిగే గుణం వస్తుంది. అడుగు సిమెంటు తీసేసినా అంతే. ఇలాంటి మార్పులకు ముందే నేవల్ ఆర్కిటెక్టుతో (ఓడలు, పడవలు డిజైన్ చేసే ఇంజినీరు) లెక్క కట్టించండి. ఇన్‌లాండ్ వెస్సెల్స్ చట్టం, 2021 ప్రకారం ఇంజిన్ బోటుకు సర్వే (బోటు తనిఖీ), రిజిస్ట్రేషన్ ఉండాలి. రేకు కొలతల కాగితాలు, పని జరుగుతున్నప్పటి ఫొటోలు దాచిపెడితే సర్వేయరు ముందు పని తేలికవుతుంది.

నీళ్లలోకి దించిన రోజు లోపలి చెక్క పలకలు బిగించొద్దు. ప్రతి గదీ టార్చి వేసి చూడాలి, పంపు ఆడుతూ ఉండాలి. ఫ్యాన్ తిప్పే షాఫ్ట్ బయటికి పోయేచోట, నీళ్లు రాకుండా తాడు ప్యాకింగ్ కూరిన గ్లాండ్ అయితే, తిరిగేటప్పుడు ఒకటి రెండు చుక్కలు పడాలి. అసలు పడకుండా బిగిస్తే ప్యాకింగ్ కాలిపోతుంది, ధారగా వస్తే నట్లు రెండువైపులా సమంగా కొద్దికొద్దిగా తిప్పండి.