శెనక్కాయ పాలతో చాక్లెట్ పాలు: ఒక కండక్టర్ తాత కొలతలు

ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. వంటింట్లో అడుగుపెట్టి మూడేళ్లే అయింది. కాబట్టి నా కొలతలన్నీ టీ గ్లాసు, చెంచా, గోడ గడియారం. మా గ్లాసులో 150 మిల్లీలీటర్లు పడతాయి. దాని నిండా శెనక్కాయ విత్తనాలు పోస్తే దాదాపు 100 గ్రాములు.

మా మనవరాలికి తొమ్మిదేళ్లు. గేదె పాలు తాగిందంటే కడుపు ఉబ్బిపోయి, గంటలో బాత్రూమ్‌కి పరుగు. పాలల్లో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగడం లేదని డాక్టరమ్మ చెప్పింది. పెరుగన్నం మాత్రం ఇబ్బంది లేకుండా తింటుంది. పాలు తోడుకునేటప్పుడు ఆ చక్కెరలో కొంత తోడులోని సూక్ష్మజీవులే తినేస్తాయట. పిల్ల బాధంతా చాక్లెట్ పాల గురించే. సరేనని ఒకరోజు బజారు నుంచి బాదం పాల డబ్బా తెచ్చాను. ధర చూసి మా ఆవిడ, “ఏమయ్యా, ఇది పాలా, పెట్రోలా? అనంతపురంలో ఉండి శెనక్కాయలు వదిలేసి ఇవి కొనుక్కొస్తావా?” అంది. ఆ మాట పట్టుకునే మొదలుపెట్టాను.

అన్నిటికన్నా ముందు విత్తనాలు ఏరాలి. ఈ పని తొందరగా తేల్చేయకండి. బావమరిది చేను నుంచి మాకు కదిరి-6 రకం వస్తుంది. సొంత చేనువే కదా అని నేను ఏరకుండా వదలను. ముడతలు పడినవి, రంగు మారినవి, పచ్చగానో నల్లగానో బూజు కనిపించినవి, నోట్లో వేసుకుంటే చేదు తగిలినవి తీసి అవతల పారేయాలి. కోతకు ముందు వాన మొహం చాటేసినా, కోశాక కాయ తడిగా మూటల్లో పడున్నా ఆ బూజు పడుతుంది. అది వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం ఎంత మరిగించినా పోదు. చిరిగిన నోట్లు ఏరి ఏరి అలవాటైన చేతులు నావి. గ్లాసు విత్తనాలు ఏరడానికి ఐదు నిమిషాలు చాలు.

తర్వాత వేయించాలి, అదీ సగమే. సన్న సెగ మీద ఐదారు నిమిషాలు కలుపుతూ ఉంటే, వేళ్ల మధ్య నలిపినప్పుడు పొట్టు ఊడుతుంది. అక్కడ ఆపేయాలి. గింజ ఎర్రబడితే పాలు తక్కువ దిగుతాయి, నూనె పైకి తేలుతుంది, రుచి ఊరుబిండి (మా వైపు శెనక్కాయ పచ్చడి) దారి పడుతుంది. అసలు వేయించకుండా చేస్తే పచ్చివాసన. మొదటిసారి నేను చేసింది అదే. చాక్లెట్ వేసినా ఆ వాసన దాగలేదు. చల్లారాక గుడ్డలో వేసి నలిపి, చేటలో చెరిగి పొట్టు ఎగరగొట్టండి. చెరగడం నాకింకా రాలేదు, సగం విత్తనాలు నేల మీదే ఉంటాయి. అందుకని ఆ పని ఆవిడదే.

రాత్రి నానబెట్టి పొద్దున ఆ నీళ్లు పారబోయండి. తొందరుంటే నాలుగు గంటలు చాలు. మిక్సీలో మొదట ఒక్క గ్లాసు నీళ్లే పోసి వెన్నలా మెత్తబడేదాకా తిప్పాలి. ఒకేసారి నీళ్లన్నీ పోస్తే గింజ నలగదు, చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. మెత్తబడ్డాక ఇంకో మూడు గ్లాసులు పోసి అర నిమిషం తిప్పి, పాత పంచె గుడ్డలో వడకట్టి గట్టిగా పిండండి. అర లీటరు దాకా పాలొస్తాయి. పిప్పి పారేయొద్దు. పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి నూరితే సంగట్లోకి బ్రహ్మాండంగా ఉంటుంది.

మొక్కల నుంచి తీసినవాటిని పాలు అనే పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మొద్దని ఆహార భద్రత సంస్థవాళ్లు 2021లో చెప్పారు. దుకాణం సంగతి వాళ్లిష్టం. మన భాషలో జిల్లేడు కొమ్మ విరిచినా కారేది పాలే, జొన్నకంకి పట్టేదీ పాలే. నేను శెనక్కాయ పాలనే అంటాను.

ఈ పాలను బాగా మరిగించాలి. ఇవి గేదె పాలకంటే ఘోరంగా పొంగుతాయి. పెద్ద గిన్నె తీసుకుని, పక్కనే నిలబడి అడుగంటకుండా కలుపుతూ ఉండండి. ఒక పొంగు రాగానే సెగ తగ్గించి ఇంకో పది నిమిషాలు. ఫోన్ మోగినా ఎత్తకండి. నేను ఎత్తాను. స్టవ్ తుడవడానికి అరగంట పట్టింది.

అసలు తిప్పలు కోకోతోనే. కొనేటప్పుడు డబ్బా మీద “కోకో పౌడర్” అని ఉండాలి. “డ్రింకింగ్ చాక్లెట్” అంటే అందులో చక్కెర ముందే కలిసి ఉంటుంది. పిల్లల కోసం అమ్మే మాల్ట్ పొడుల్లో చాలావాటిలో పాలపొడి ఉంటుంది, వెనక సన్నక్షరాలు చదవాలి. చదవకుండా కొని, ఇంటికొచ్చాక కళ్లజోడు పెట్టుకుని తల పట్టుకున్నాను. మా పిల్లకు చిటికెడు పాలపొడి పడితే పెద్దగా ఏమీ కాదు. పాలంటే ఎలర్జీ ఉన్న పిల్లల కథ వేరు, వాళ్లకు ఆ చిటికెడు కూడా ప్రమాదమే. ఇక శెనక్కాయకే ఎలర్జీ ఉన్నవాళ్లూ ఉంటారు. వీధిలో పిల్లలకు పోసే ముందు వాళ్ల అమ్మల్ని అడిగి పోయండి.

మొదట్లో మరుగుతున్న పాలల్లో కోకో అలాగే వేసేశాను. ఉండలు ఉండలుగా పైకి తేలింది. మనవరాలు తొంగిచూసి, “తాతా, ఇది ఉలవచారా?” అంది. కోకోలో కొవ్వు ఉంటుంది కాబట్టి అది నీళ్లతో ఓ పట్టాన తడవదు. ఇప్పుడు చేసేది ఇలా: పొడి గిన్నెలో రెండు పెద్ద చెంచాల కోకో, మూడు పెద్ద చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు బాగా కలుపుతాను. చక్కెర పలుకులు మధ్యలో దూరి కోకోను విడదీస్తాయి. తర్వాత రెండు మూడు చెంచాల వేడినీళ్లు పోసి, గోరింటాకు ముద్దలా అయ్యేదాకా రుద్ది, ఇంకాస్త నీళ్లతో పలచన చేస్తాను. ఉప్పు మానేయకండి. అది లేకపోతే చాక్లెట్ రుచి చప్పగా ఉంటుంది. అన్నట్టు, దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. గోదావరి వైపు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా వేస్తారు.

ఉండలు పోయినా ఇంకో సమస్య మిగిలింది. గ్లాసు పావుగంట కదలకుండా ఉంటే కోకో అంతా అడుగుకు చేరి, పైన తెల్లటి నీళ్లు కనిపించేవి. కంపెనీవాళ్లు దానికి ఏవో జిగురు పదార్థాలు కలుపుతారు. నాకు దారి చూపింది రాగి జావ. ఆవిడ కలిపి పెట్టిన రాగిపిండి నీళ్లు పక్కనే ఉంటే, చూద్దామని ఒక గరిటెడు పోశాను. ఆరోజు గ్లాసు ఖాళీ అయ్యేదాకా పేరుకోలేదు. ఇప్పుడు కొలత కుదిరింది: నిండుగా ఒక చిన్న చెంచా రాగిపిండి, పావు గ్లాసు చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, పది నిమిషాలు మరిగిన పాలల్లో పోసి, ఐదు నిమిషాలు ఉడికించాలి. పిండి ఉడికి పాలు కాస్త చిక్కబడితే కోకోనూ నూనెనూ పట్టి ఉంచుతుంది. రంగూ కలిసిపోతుంది. రెండు చెంచాలు వేశారా, అది చాక్లెట్ జావ, చెంచాతో తినాల్సిందే. ఆ తర్వాత కోకో ముద్ద కలిపి, రెండు నిమిషాలు ఉడకనిచ్చి దింపేయండి.

చక్కెరకు బదులు బెల్లం వాడాలంటే మరుగుతున్న పాలల్లో మాత్రం వేయకండి. కొన్ని బెల్లాలకు పులుపు ఉంటుంది, పాలు విరిగిపోతాయి. ఒక గిన్నెడు అలాగే విరిగింది నాకు. బెల్లాన్ని కొద్ది నీళ్లలో కరిగించి, వడకట్టి, పాలు దింపి గోరువెచ్చగా అయ్యాక కలపాలి. అప్పుడు కోకోను వేడినీళ్లతోనే ఇంకాస్త ఓపిగ్గా రుద్దుకోవాలి.

మిగతా పాలూ చేసి చూశాను. కొబ్బరి పాలు కమ్మగా ఉంటాయి, కానీ ఫ్రిజ్‌లో పెడితే పైన కొవ్వు గడ్డకడుతుంది. సగానికి సగం నీళ్లు కలిపి, మరగనీయకుండా వేడి చేయాలి. జీడిపప్పుకు వడకట్టే పనే లేదు, పండక్కి అది. ఓట్స్‌ను చల్లటి నీళ్లతో అర నిమిషానికి మించి తిప్పితే జిగట, వేడి చేస్తే గంజి. సోయా పచ్చివాసన పోవాలంటే వేడినీళ్లతో రుబ్బి, బాగా మరిగించాలి. ఆ వేడినీళ్లకు మిక్సీ మూత ఎగిరి మా గోడకు సున్నం కొట్టినట్టయింది. మళ్లీ సోయా జోలికి పోలేదు.

ఒక సంగతి దాచను. గేదె పాలల్లో ఉన్నంత కాల్షియం ఈ పాలల్లో లేదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నా, మనం వేసే చెంచాడు పిండితో ఆ లోటు తీరదు. అందుకే మా పిల్లకు సంగటి, పెరుగు మానిపించలేదు. ఏడాది నిండని పసిబిడ్డలకు పాలకు బదులుగా ఇవి పట్టే ఆలోచనే వద్దు.

మా ఎండలకు ఈ పాలు బయట పెడితే మధ్యాహ్నానికే పులుస్తాయి. చల్లారగానే సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు వస్తాయి. తాగేముందు సీసా బాగా ఆడించాలి. ఏప్రిల్, మే నెలల్లో వేడిగా ఎవరు తాగుతారు? ఐస్ ముక్కలు వేసి ఇస్తాను. ఐస్ కరిగి పలచబడుతుంది కాబట్టి ఆ రోజుల్లో మూడు గ్లాసుల నీళ్లతోనే పాలు తీస్తాను.

ఎంత చేసినా గ్లాసు అడుగున కొంచెం మడ్డి మిగులుతుంది. మొదట్లో అది కడిగేసేవాణ్ణి. ఇప్పుడు దాని కోసం మనవరాలు చెంచా పట్టుకుని కూర్చుంటుంది, నాకు వేలితో నాకేంత కూడా మిగల్చదు.