బెంగళూరులో కారు కొని అనంతపురంలో రిజిస్ట్రేషన్ చేయించుకునేవాళ్లకు

మన అనంతపురం వాళ్లు చాలామంది కొత్త కారు బెంగళూరులోనో బళ్లారిలోనో కొంటుంటారు. కొనండి, తప్పేం లేదు. కానీ బుకింగ్ రోజే షోరూమ్‌వాళ్లకు గట్టిగా చెప్పండి: కర్ణాటక పర్మనెంట్ నంబర్ వద్దు, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) చాలు అని. అక్కడే లైఫ్ ట్యాక్స్ కట్టేస్తే తర్వాత అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ ట్యాక్స్ కట్టాలి, అక్కడ కట్టిన దాని రీఫండ్ కోసం తిరగాలి. ఆ టెన్షన్ ఎందుకు?

ఇన్‌వాయిస్‌లో మీ ఆధార్‌లో ఉన్న అనంతపురం అడ్రసే వేయించండి. బెంగళూరులో ఉన్న బంధువుల అడ్రస్ అస్సలు వద్దు.

డెలివరీ రోజు ఫోటోల హడావిడికి ముందు కాగితాలు చూసుకోండి. సేల్ సర్టిఫికెట్ అంటే ఫారం 21, బండి రోడ్డుకు పనికొస్తుందని కంపెనీ ఇచ్చే ఫారం 22, ఇన్సూరెన్స్, ఇన్‌వాయిస్, టీఆర్ కావాలి. ఛాసిస్ నంబర్‌లో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. బండి మీద ఉన్నదాన్ని ఫోన్‌లో ఫోటో తీసి, ప్రతి కాగితంతోనూ ఒక్కో అక్షరం పోల్చండి. 8 ఉన్నచోట బి పడినా ఆర్టీవో ఆఫీసులో ఫైల్ ఆగిపోతుంది, దిద్దించుకోవడానికి మళ్లీ బెంగళూరు పోవాల్సిందే. ఇంజిన్ నంబర్ కూడా అంతే.

ఇక్కడికొచ్చాక రిజిస్ట్రేషన్ దరఖాస్తు, అంటే ఫారం 20 నింపి, లైఫ్ ట్యాక్స్ కట్టి, బండిని ఇన్‌స్పెక్షన్‌కు చూపించాలి. లోన్ ఉంటే ఫారం 20 మీద బ్యాంకు సంతకం మరవకండి. టీఆర్ గడువు చివరి వారం దాకా ఆగకండి. ఏపీ నంబర్ వచ్చాక హెచ్‌ఎస్‌ఆర్‌పీ (హై సెక్యూరిటీ నంబర్) ప్లేట్ ఎవరు బిగిస్తారో డెలివరీ రోజే అడిగి రాయించుకోండి.