బొమ్మ రైలుదారి కట్టించాలంటే ఎంతవుతుంది: ఒక అకౌంటెంటు లెక్క

మా మామయ్యగారు వాల్తేరు డివిజన్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు టెక్సస్‌లో మా దగ్గరే ఉంటున్నారు. ఆయన కోసం కేకే లైన్‌లో, అంటే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలో, బొర్రా గుహల దగ్గరి ముక్కని మోడల్‌గా కట్టించాం. రైళ్ళ సంగతి నాకు పెద్దగా తెలియదు, ఎస్టిమేటు చదవడం మాత్రం వచ్చు. కట్టించుకునేవాళ్ళకి ముందు కావాల్సింది కూడా అదే.

మాకు దొరికిన బిల్డర్లందరూ మొదట చెప్పింది చదరపు అడుగు రేటు. దాన్ని పట్టుకుని బడ్జెట్ వేయకండి. మా 5×10 అడుగుల బల్లకి ఒకరు అడుగుకి 140 డాలర్లన్నారు, మరొకరు 360 అన్నారు. అంటే ఒకరి దగ్గర 7,000, ఇంకొకరి దగ్గర 18,000. చెక్కా పట్టాలూ ఇద్దరూ కొనేవి దాదాపు ఒకటే. ఎవరు ఎన్ని గంటలు కూర్చుని చేత్తో చేస్తారన్నదే అసలు తేడా. అందుకని పని దశలవారీగా విడగొట్టి, దేనికెన్ని గంటలో, సామాను ఎంతో, రవాణా ఎంతో విడివిడిగా రాసిమ్మనండి. రాసివ్వనన్నవాళ్ళని నేను వదిలేశాను.

మేం కుదుర్చుకున్నాయన ఇచ్చిన లెక్క ఇదీ. గంటకి 60 డాలర్లు. బల్ల చట్రానికి 24 గంటలు, ట్రాక్‌కి 36, వైరింగుకి 30, కొండలకీ సొరంగాలకీ 40, స్టేషనుకీ చెట్లకీ 30. మొత్తం 160 గంటలు, 9,600 డాలర్లు. సామాను 2,700. చెక్కపెట్టెల్లో సర్ది, తెచ్చి, మా ఇంట్లో బిగించడానికి 1,500. వెరసి 13,800. ఇంజిన్లూ బోగీలూ ఇందులో లేవు. చాలామంది ఈ లైను చూసుకోరు. ఇంజిన్‌లో పెట్టే శబ్దం డీకోడరే (బండిని నడిపిస్తూ కూతా చప్పుడూ వినిపించే చిన్న సర్క్యూట్) ఒక్కోటి 100 డాలర్ల చుట్టూ ఉంటుంది.

ఇక గంటలు ఎక్కడ పెరుగుతాయో చూడండి. తిన్నటి ట్రాక్ చవక. పాయింట్లు, అంటే బండి ఒక పట్టా మీంచి ఇంకోదానికి మళ్ళే చోట్లు, ఖరీదు. ఎందుకంటే ప్రతి పాయింటుకీ కింద ఒక మోటారు, దానికి వైర్లు, ఆపైన సరిచూసుకునే పని. స్టేషన్‌లో ఇంకో లూప్ లైన్ (బండి పక్కకి ఆగడానికి, రెండు చివరలా పాయింట్లతో కలిసే లైను) కావాలని మామయ్యగారు ముచ్చటపడ్డారు. దాని ధర చెప్పాక, "గూడ్సు బండి బయటే ఆగుతుందిలే అమ్మా, మాకు అలవాటే" అన్నారు.

కేకే లైన్ అంటే 58 సొరంగాలు. బల్లమీద సొరంగం పెడితే పట్టాలు కనబడవు కాబట్టి పని తగ్గుతుందనుకుంటాం. లోపల బోగీ పడిపోతే చెయ్యి ఎలా పెడతారు? వెనకనుంచి తెరుచుకునే తలుపు కావాలి. అది ఎస్టిమేటులో ఉందో లేదో అడగండి.

అన్నిటికంటే బరువైంది ఓహెచ్‌ఈ, అంటే పట్టాల పైన ఇంజిన్‌కి కరెంటు అందించే తీగల ఏర్పాటు. అది విద్యుత్ లైను కదా, స్తంభాలూ పైన తీగా లేకపోతే ఎలా? సన్న తీగని ఒక్కోచోట సోల్డర్ చేయడానికి ఆయన విడిగా 45 గంటలు రాశారు. 2,700 డాలర్లు! స్తంభాలు మాత్రం ఉంచి తీగ తీసేయమన్నాం. మూడడుగుల దూరంనుంచి చూస్తే తీగ లేదన్న ధ్యాసే రాదు.

పరిశోధనకీ గంటలు పడతాయి. అరకు ఎక్కడుందో తెలియని మనిషి ఫొటోలు వెతుక్కునే సమయం కూడా మన బిల్లులోకే వస్తుంది. మామయ్యగారు స్టేషన్ ప్లాను, సిగ్నళ్ళ చోటు, వంతెన ఎటు తిరుగుతుందో అన్నీ గళ్ళ కాగితం మీద గీసిచ్చారు. ఆ పద్దు సున్నా అయింది.

స్కేలు విషయంలో తొందరపడకండి. మేం హెచ్‌ఓ తీసుకున్నాం, అసలులో 87వ వంతు. ఎన్ స్కేలైతే 160వ వంతు, అదే దృశ్యం మూడోవంతు కంటే తక్కువ చోటులో పడుతుంది. కానీ డెబ్బై దాటిన కళ్ళకీ వేళ్ళకీ అది కష్టం. మన బోగీలు పొడుగు, హెచ్‌ఓలో దాదాపు 25 సెంటీమీటర్లు వస్తాయి. 18 అంగుళాల వ్యాసార్ధం ఉన్న వంపులో అవి చూడ్డానికి బాగుండవు, 24 పెట్టించాం. బల్ల వెడల్పు 5 అడుగులైంది అందుకే. ఇంకోటి, మన బ్రాడ్‌గేజ్‌లో రెండు పట్టాల మధ్య దూరం (గేజ్) 1,676 మిల్లీమీటర్లు. లెక్కప్రకారం మోడల్‌లో 19 పైచిలుకు రావాలి, బజార్లో దొరికే హెచ్‌ఓ ట్రాక్ 16.5. సరైన గేజ్ కావాలంటే పట్టాలన్నీ చేత్తో వేయాలి, చక్రాలన్నీ మార్చాలి. ఆ ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం. మామయ్యగారు మాత్రం చూసిన వెంటనే "పట్టాలు కాస్త దగ్గరగా ఉన్నాయే" అన్నారు.

గది కూడా ముందే కొలవండి. చెయ్యి 30 అంగుళాలు మించి అందదు, కాబట్టి 5 అడుగుల బల్లకి రెండువైపులా నడిచే దారి ఉండాలి. గుమ్మంలోంచి పట్టేలా మాది నాలుగు ముక్కలుగా చేశారు. ముక్కలు పెరిగితే అతుకులు పెరుగుతాయి, దాంతో గంటలూ పెరుగుతాయి. గరాజ్‌లో మాత్రం వద్దు. తేమకి చెక్క ఉబ్బి, ఎండకి కుంచించుకుని ట్రాక్ వంకర పోతుంది. ఏసీ ఉన్న గదే కావాలి.

చివరికి మేం కొన్నది మొదటి మూడు దశలే. 90 గంటలకి 5,400, వాటి సామాను 1,600, రవాణా 1,500, మొత్తం 8,500. ట్రాకూ వైరింగూ చేయి తిరిగినవాళ్ళే చేయాలి, అక్కడ తప్పు జరిగితే బండి నడవదు. కొండ వంకరొచ్చినా అది కొండే. ఫోమూ ప్లాస్టర్ గుడ్డా తెచ్చుకుని మావాడూ మామయ్యగారూ శనివారాల్లో చేస్తున్నారు. తూర్పుకనుమల ఎర్రమట్టి రంగు ఏ డబ్బాలోనూ దొరకలేదు, మూడు కలిపి సాధించారు.

డబ్బు మూడు విడతలుగా ఇవ్వండి. ప్రతి వైరుకీ చీటీ, వైరింగ్ పటం ఒప్పందంలో రాయించండి, రేపు ఇంకొకరు బాగుచేయాలంటే అవే ఆధారం. బిగించిన రోజు పొడవైన బండిని ప్రతి పాయింటు మీదుగా రెండు దిక్కులా నడిపించండి. తర్వాత ఇంజిన్‌ని వెనక పెట్టి తోయించండి, లాగినప్పుడు కనబడని ట్రాక్ లోపం తోసినప్పుడు బయటపడుతుంది. ఆఖరి చెక్కు ఆ తర్వాతే రాయండి.