ఐమ్యాక్ బోర్డు మీద డిస్‌ప్లే కనెక్టర్ ఊడిపోతే

సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది భాగాలు విప్పి అతికే రిపేర్ చేస్తాను. ఐమ్యాక్‌లలో ఈ కేసు తరచూ వస్తుంది. 2012 చివర్లో వచ్చిన పల్చటి మోడళ్ల నుంచి స్క్రీన్‌ని గమ్ టేపుతో అతికిస్తున్నారు. ఎస్‌ఎస్‌డీ వేద్దామని టేపు కోసి, లోపల కేబుళ్లు ఉన్నాయని మర్చిపోయి స్క్రీన్‌ని గట్టిగా లాగేస్తారు. కేబుల్ గుచ్చుకునే బోర్డు మీది కనెక్టర్ ఆ కేబుల్‌తో పాటే లేచొస్తుంది. తెచ్చిన ప్రతివాళ్లూ "చిన్న పనే కదన్నా" అంటారు.

ముందు వేరే మానిటర్ తగిలించి చూడండి. దాంట్లో బొమ్మ వస్తే గ్రాఫిక్స్ బాగున్నట్టే, మీ పని కనెక్టర్ వరకే. తర్వాత ప్లగ్ పీకండి. పవర్ సప్లై కెపాసిటర్‌లో 300 వోల్టుల పైనే నిలిచి ఉండొచ్చు, దాని అడుగున వేలు పెట్టొద్దు. బోర్డు మొత్తం బయటికి తీశాకే పని మొదలు.

మైక్రోస్కోప్ కింద చూడండి. పై రేకు మాత్రమే వంగితే ట్వీజర్‌తో సరిచేస్తే చాలు. పిన్నులు విరిగితే కనెక్టర్ మార్చాలి. కొత్తదో, డోనర్ బోర్డు (విడిభాగాల కోసం ఉంచుకున్న పాత బోర్డు) నుంచి తీసిందో, పిన్నుల లెక్క, వాటి మధ్య దూరం, లాక్ తెరుచుకునే వైపు మూడూ కలవాలి.

అసలు కష్టం పాతదాన్ని తీయడంలోనే. ఈ బోర్డు లోపల రాగి పొరలు వేడినంతా లాగేసుకుంటాయి. పైనుంచి బ్లోయర్ (వేడి గాలి గన్) ఒక్కటే పెడితే ప్లాస్టిక్ కరుగుతుంది గానీ లెడ్డు, అంటే అతుకు వేసే సోల్డర్, కరగదు. అడుగు నుంచి ప్రీహీటర్‌తో 120, 130 డిగ్రీలు ఇచ్చి, చుట్టూ వేడిని తట్టుకునే కాప్టన్ టేపు వేసి, పేస్ట్ (ఫ్లక్స్) రాసి అప్పుడు బ్లోయర్ పట్టండి. కనెక్టర్ తనంతట తాను కదిలేదాకా ఆగాలి. తొందరపడి లాగితే ప్యాడ్లు, అంటే పిన్నులు అతికే బోర్డు మీది రాగి మచ్చలు, లేచొస్తాయి.

కొందరు సులువుగా ఊడాలని బిస్మత్ కలిసిన లెడ్డు వాడతారు. అది 138 డిగ్రీలకే కరుగుతుంది. తీయడానికి మంచిదే. కానీ విక్‌తో (లెడ్డు పీల్చే రాగి అల్లిక) పూర్తిగా తుడవకుండా దాని మీదే మామూలు 63/37 లెడ్డు పెట్టొద్దు. తగరం, సీసం, బిస్మత్ మూడూ కలిస్తే 96 డిగ్రీలకే మెత్తబడే మిశ్రమం తయారవుతుంది. గ్రాఫిక్స్ చిప్ పక్కన అలాంటి అతుకు నిలవదు.

ప్యాడ్లు పోయాయా? కంగారు పడకండి, ముందు అది ఏ పిన్నో స్కీమాటిక్‌లో (బోర్డు సర్క్యూట్ పటం) చూడండి. గ్రౌండ్ పిన్నులు చాలా ఉంటాయి, ఒకటి పోయినా నడుస్తుంది. కొన్ని పిన్నులకు అసలు కనెక్షనే ఉండదు. డేటా పిన్ను పోతే మాత్రం సన్నటి ఎనామిల్ తీగతో జంపర్ వేయాలి. డేటా లైన్లు రెండేసి జతగా పోతాయి, కాబట్టి తీగ వీలైనంత పొట్టిగా, దాని జత లైన్ పక్కనే పోవాలి. పైన యూవీ మాస్క్ (యూవీ లైటుకు గట్టిపడే పూత) వేసి గట్టిపరచండి.

కొత్తది కూర్చోబెట్టి ముందు రెండు చివర్ల కాళ్లు అతకండి, తర్వాత పిన్నులు. లెడ్డు తక్కువ, పేస్ట్ ఎక్కువ. లెడ్డు ఎక్కువైతే కనెక్టర్ లోపలికి పాకి కేబుల్ కూర్చోదు.

ఇక మీటర్. ఈ ఒక్క పనికి నేను బద్ధకించను. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో ఎర్ర ప్రోబ్ గ్రౌండ్ మీద, నల్లది ఒక్కో పిన్ను మీద పెట్టండి. జత లైన్లు రెండిటి రీడింగూ దాదాపు ఒకటే రావాలి. ఒకదానికి ఓఎల్ (రీడింగ్ లేదని మీటర్ చూపే గుర్తు) వస్తే అతుకు తగల్లేదు. పక్కపక్క పిన్నులు ఒకదానికొకటి తగిలాయేమో మీటర్ బజర్‌తో కూడా చూడండి. ప్యానెల్ వోల్టేజీ పిన్ను డేటా పిన్నుకు తగిలి ఉండగా స్విచ్ వేస్తే గ్రాఫిక్స్ చిప్ పోవచ్చు, అప్పుడు కనెక్టర్ గురించి మాట్లాడుకునే పనే ఉండదు.

అన్నీ సరిగా ఉంటే స్క్రీన్‌ని మామూలు టేపుతో తాత్కాలికంగా నిలబెట్టి ఆన్ చేయండి. బోర్డు మీది నాలుగో డయాగ్నస్టిక్ ఎల్‌ఈడీ వెలిగితే స్క్రీన్, బోర్డు మాట్లాడుకుంటున్నట్టే. గీతలు పడినా రంగులు చెదిరినా ఏదో ఒక డేటా లైన్ సరిగా తగల్లేదని, మళ్లీ మీటర్ తీయండి. నాలుగో లైటు వెలిగి కూడా తెర నల్లగా ఉంటే టార్చి ఏటవాలుగా కొట్టి చూడండి. బొమ్మ మసగ్గా కనిపిస్తే మీ కనెక్టర్ బాగానే ఉంది, బ్యాక్‌లైట్ కేబుల్ పెట్టారో లేదో చూసుకోండి.